తాత కాలపు డబుల్ బ్యారెల్‌కి తుప్పు: ఎంతవరకు చెయ్యి పెట్టొచ్చు?

రెండుగొట్టాలు:

మా తాతగారి 12 బోర్ తుపాకీ ఈమధ్య నా పేరు మీదికి మారింది. గొట్టాలు పక్కపక్కన ఉండే రకం. లైసెన్సు, కాగితాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఆ విషయంలో టెన్షన్ లేదు. టెన్షనంతా తుప్పుతోనే.

ఏళ్ల తరబడి తోలు కేసులో మూసిపెట్టి ఉంచారు. తీసి చూస్తే గొట్టాల పైన అక్కడక్కడా ఎర్రటి పొర, ముందుకర్ర విప్పితే దాని కింద ఇంకా ఎక్కువ. గొట్టాల మధ్య పొడుగునా ఉండే పట్టీ (రిబ్ అంటారట) అంచుల వెంట సన్నటి తుప్పు గీత ఉంది. లోపలికి చూస్తే కుడి గొట్టంలో, తూటా కూర్చునే చోటు దాటగానే నల్లటి మచ్చలు. లాక్ (పేల్చే యంత్రం) పక్క ప్లేట్ల మీద పువ్వుల చెక్కడం ఉంది, అది బాగానే కనిపిస్తోంది. వెనక కర్ర మాత్రం ఇనుముకి ఆనుకున్న చోట నల్లగా, జిడ్డుగా ఉంది. గోరుతో నొక్కితే గుంట పడుతోంది.

మా బావ వీడియోలు చూసి, గొట్టాలు రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే పొద్దున్నకి తెల్లగా వస్తాయంటున్నాడు. తెలిసిన వర్క్‌షాప్ ఆయన బఫింగ్ పట్టించి కొత్తగా బ్లూయింగ్ (ఇనుము మీద నల్లటి నీలం రంగు పొర) చేయించమంటున్నాడు. నాకు రెండూ భయంగానే ఉన్నాయి. అసలు ఇది మళ్లీ పేల్చడానికి పనికొస్తుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

కర్రపని:

వెనిగర్ జోలికి మాత్రం వెళ్లకండి. కర్ర సంగతి తర్వాత రాస్తాను. ఇనుము గురించి ఆకురాయి మాస్టారు చూస్తే ఆయనే చెప్తారు, ఆయన పనే అది.

ఆకురాయి:

బాబూ, ముందు తుపాకీ తెరిచి రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయో లేదో కంటితో చూసి, వేలితో తడిమి చూడు. మూసిపెట్టిన పాత తుపాకుల్లో తూటాలు దొరకడం నేను చూశాను. తర్వాతే మిగతా కబుర్లు.

మీ బావకి ఒక సంగతి చెప్పు. గొట్టం మీద ఆ నల్లటి నీలం రంగు పెయింటు కాదు, అదీ ఒక రకం తుప్పే. పాతకాలపు బ్లూయింగ్‌లో గొట్టానికి కావాలని తుప్పు పట్టించేవాళ్లు. తర్వాత నీళ్లలో మరిగిస్తే ఎర్ర తుప్పు నల్ల ఆక్సైడ్‌గా, అంటే మ్యాగ్నటైట్‌గా మారుతుంది. పైపైన రాలే పొడిని మెత్తటి తీగ బ్రష్‌తో దులిపి మళ్లీ తుప్పు పట్టిస్తారు, మళ్లీ మరిగిస్తారు. అలా పొర మీద పొర. ఎర్ర తుప్పుని తినే ఏ యాసిడ్ అయినా ఈ నల్లదాన్నీ తింటుంది. వెనిగర్, ఫాస్ఫారిక్ యాసిడ్ కలిసిన రస్ట్ రిమూవర్లు, అన్నీ అంతే. పొద్దున్నకి తెల్లగా వస్తాయన్న మాట నిజమే, అదే సమస్య. ఇక చెక్కడం ఉన్న ఆ ఉక్కు ప్లేట్ల మీద మబ్బుల్లాంటి రంగులు ఏమన్నా మిగిలి ఉంటే అవి కేస్ హార్డెనింగ్ రంగులు, అంటే ఉక్కు పైపొరని గట్టిపరిచేటప్పుడు వచ్చినవి. యాసిడ్ తగిలితే క్షణాల్లో పోతాయి. మళ్లీ తేవాలంటే ఎముకల బొగ్గులో ఉంచి కాల్చి నీళ్లలో ముంచాలి. ఆ ముంచడంలో యాక్షన్ (గొట్టాలు వెనక బిగిసే ఉక్కు దిమ్మ) వంకర తిరిగే ప్రమాదం కూడా ఉంది.

వర్క్‌షాప్ ఆయన సలహా ఇంకా ప్రమాదం. బఫింగ్ చక్రం పట్టిస్తే అంచులు గుండ్రమవుతాయి, అక్షరాలు చెదురుతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ పళ్లేల్లా గుంటలు పడతాయి. మెరుస్తూ వచ్చిన పాత తుపాకీని చూస్తే నాకు ఎప్పుడూ అనుమానమే: ఆ మెరుపు కోసం ఎంత ఇనుము పోయింది?

కొత్త బ్లూయింగ్ అంటే ఆయన మనసులో ఉన్నది బహుశా వేడి ఉప్పు తొట్టి. కాస్టిక్ సోడా, నైట్రేట్ ఉప్పులు కలిపి 140 డిగ్రీల దగ్గర మరుగుతుంటే గొట్టం అందులో ముంచుతారు. నీ తుపాకీలో రెండు గొట్టాలనీ పైకింది రిబ్బులనీ పట్టుకుని ఉన్నది సీసం, తగరం కలిసిన మెత్తటి టాంకం. కాస్టిక్ దాన్ని తినేస్తుంది. అంతటితో పోదు, రిబ్బు కింద ఉన్న ఖాళీలోకి ఆ ఉప్పు దూరి కూర్చుంటుంది. ఎంత కడిగినా పూర్తిగా రాదు. తర్వాత నెలల తరబడి అంచుల్లోంచి తెల్లగా ఊరుతూ లోపల్నించి తుప్పు పట్టిస్తుంది. నా బల్ల మీదికి అలాంటివి వచ్చాయి. రిబ్బు ఊడదీసి చూస్తే లోపల గొట్టం గరుకు కాగితంలా ఉండేది.

ఇక అసలు విషయం. నీకు పైన కనిపించే ఎర్ర పొర పెద్ద లెక్కలోది కాదు, చాలావరకు వచ్చేస్తుంది. తుప్పు తీశాక అక్కడ ఇనుము ఎంత మిగిలింది అన్నదే లెక్క. కుడి గొట్టంలో ఛాంబర్ దాటగానే మచ్చలు అన్నావు చూడు, నన్ను ఆలోచింపజేసింది ఆ ముక్క. పాత తూటాల ప్రైమర్లలో, అంటే మందుకి నిప్పు రాజేసే చిన్న మూతల్లో, పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది పొటాషియం క్లోరైడ్ అవుతుంది. అది ఉప్పు, గాల్లో తేమని లాక్కుంటుంది. దాన్ని నీళ్లు కరిగిస్తాయి కానీ నూనె కరిగించదు. ఆ రోజుల్లో శుభ్రంగా నూనె గుడ్డ లాగి లోపల పెట్టినవాళ్ల గొట్టాలు కూడా అందుకే గుంటలు పడ్డాయి. తాతగారు తుపాకీని పట్టించుకోలేదని అనుకోకు. 1920ల చివర్లో తుప్పు పట్టించని ప్రైమర్లు వచ్చాక గానీ ఈ బాధ తగ్గడం మొదలుకాలేదు. గుంటలు పడే రెండో చోటు రిబ్బు కింద, మూడోది ముందుకర్ర కింద. చెమట చేతులతో మోసిన తేమంతా ఆ కర్ర కిందే ఉండిపోతుంది. తోలు కేసు గురించి వేరే చెప్పాలా? తోలు తేమ పీలుస్తుంది, దాన్ని పదును పెట్టడానికి వాడిన రసాయనాలు కూడా అందులో ఉంటాయి. కేసు ప్రయాణానికే గానీ కాపురానికి కాదు.

ఇంట్లో చెయ్యగలిగే పని చెప్తాను. గొట్టాలు విడదీసి తుప్పు ఉన్న చోటల్లా పల్చటి నూనె పట్టించి రాత్రంతా వదిలెయ్. మర్నాడు రాగి రేకు ముక్కతోనో ఇత్తడి అంచుతోనో పొక్కుల్ని మెల్లగా గీకు. రాగి, ఇత్తడి ఉక్కు కంటే మెత్తన, గీతలు పడవు. ఆ తర్వాత 0000 నంబర్ స్టీల్ ఊల్‌ని నూనెలో తడిపి, నొక్కకుండా, గొట్టం పొడుగునా రుద్దు. ఇసుక కాగితం వద్దు, ఎంత సన్నదైనా వద్దు. ప్రతి కాసేపటికీ తెల్ల గుడ్డతో తుడిచి ఆ గుడ్డని చూడు. ఎర్రగా, గోధుమ రంగులో వస్తుంటే తుప్పు వస్తోంది. నల్లగా రావడం మొదలైతే నువ్వు బ్లూయింగ్‌ని తీస్తున్నావు, అక్కడితో ఆపెయ్.

మొండిగా మిగిలిన చోట గన్‌స్మిత్ చేతిలో ఇంకో దారి ఉంది. గొట్టాల జిడ్డు పూర్తిగా తీసి డిస్టిల్డ్ వాటర్‌లో మరిగిస్తాడు. మిగిలిన ఎర్ర తుప్పు అక్కడికక్కడే నల్లగా మారిపోతుంది. ఉన్న పాత రంగు పోదు. కానీ నీ రిబ్బు టాంకం గట్టిగా ఉందని తేలేదాకా అది చెయ్యకూడదు, లోపలికి నీళ్లు వెళ్తాయి.

టాంకం ఎలా ఉందో నువ్వే చూసుకోవచ్చు. ముందుకర్ర తీసేసి, కదిలే ఎజెక్టర్లు (పేలిన తూటాల్ని బయటికి నెట్టే ముక్కలు) ఉంటే అవి కూడా తీయించి, గొట్టాల్ని కింది కొక్కెం దగ్గర తాడు కట్టి గాల్లో వేలాడదీసి కర్ర ముక్కతో మెల్లగా తట్టు. గట్టిగా ఉంటే గంటలా మోగి ఆ మోత కాసేపు నిలుస్తుంది. ఎక్కడైనా ఊడి ఉంటే మొద్దుగానో జీరగానో వస్తుంది.

లాక్ ప్లేట్లు విప్పకు. ఆ స్క్రూల గాడి చాలా సన్నం, మామూలు స్క్రూడ్రైవర్ మొన దానికి సరిపోదు, జారి చెక్కడం మీద గీత పెడుతుంది. గొట్టాల అడుగున, యాక్షన్ మీద ఆనే చదును భాగాల్లో గుర్తులు కొట్టి ఉంటాయి. అవన్నీ ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ రాయి. సీరియల్ నంబర్ మాత్రం పెట్టకు.

పంప్ యాక్షన్:

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. నా పంప్ గన్ వేడి బ్లూయింగ్ చేయించి చాలాకాలమైంది, నల్లగా నిగనిగలాడుతోంది, ఏ ఉప్పూ ఊరలేదు. 140 డిగ్రీలకి టాంకం కరగదు కదా, అది 183 దాటాలి. మరీ భయపెడుతున్నారేమో?

ఆకురాయి:

కరుగుతుందని నేననలేదు నాయనా, తింటుంది అన్నాను. రెండూ వేరు. నీది ఒకే గొట్టం, సాదా ఉక్కు, మీద టాంకం పెట్టిన రిబ్బు లేదు. దానికి వేడి తొట్టి భేషుగ్గా పనికొస్తుంది. అల్యూమినియం రిసీవర్ (గొట్టం బిగించే మధ్య భాగం) అయితే మాత్రం అందులో పెట్టరు, కాస్టిక్‌లో అల్యూమినియం కరిగిపోతుంది. జంట గొట్టాలకి నెమ్మదిగా తుప్పు పట్టించే పాత పద్ధతే.

ఇదే మాటలో ఎలక్ట్రాలిసిస్ (తొట్టిలో నీళ్లలో ముంచి కరెంటుతో తుప్పు తీసే పద్ధతి) సంగతి కూడా చెప్పేస్తాను, ఎవరో ఒకరు అడుగుతారు. లాక్‌లోని స్ప్రింగులు ఆ తొట్టిలో పెట్టొద్దు. హైడ్రోజన్ ఉక్కులోకి దూరి పెళుసుగా చేస్తుంది, V ఆకారపు పాత స్ప్రింగు టప్పున విరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ ముక్కని ప్లస్ వైపు పెట్టడం కూడా తప్పే, విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది.

కర్రపని:

ఇప్పుడు కర్ర గురించి. మీరు చెప్పిన మెత్తదనం ఎక్కువ నూనె వల్ల. తుపాకీని మూతి పైకి పెట్టి నిలబెడితే గొట్టాల్లో, లాకుల్లో పోసిన నూనెంతా ఏళ్ల తరబడి దిగి కర్ర మొదట్లో చేరుతుంది. అక్కడ పీచు కుళ్లినట్టు మెత్తబడుతుంది. పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బంతా ఆ మొదలే మోయాలి కాబట్టి మెత్తగా ఉన్న కర్రతో పేలిస్తే చీలుతుంది.

మెత్తటి సుద్దపొడిని అసిటోన్‌లో పేస్టులా కలిపి మొదలంతా పూసి ఆరనివ్వండి. అసిటోన్ నూనెని కరిగిస్తుంది, ఆరుతున్నప్పుడు సుద్ద దాన్ని పైకి పీలుస్తుంది. తెల్లగా పూసింది పచ్చగా, గోధుమ రంగుగా మారుతుంది. దులిపేసి మళ్లీ పూయండి. సుద్ద తెల్లగానే ఆరేదాకా ఇదే పని. విసుగ్గా ఉంటుంది, వేరే దారి లేదు. కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకోండి. ఇనుప భాగాలు తీసిన తర్వాతే చెయ్యాలి, అది గన్‌స్మిత్ తీసిస్తే మంచిది. గళ్లు చెక్కిన పట్టు భాగంలోకి సుద్ద పోనివ్వకండి. నూనె పోయాక సన్నటి చీలికలుంటే ఎపాక్సీ దింపొచ్చు. చివర్లో లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) చాలా పల్చగా, అరచేత్తో రుద్దుతూ.

నూనె గుడ్డలు మాత్రం ఉండ చుట్టి పడెయ్యకండి. లిన్‌సీడ్ ఆయిల్ ఆరుతూ వేడెక్కుతుంది, గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి. విడివిడిగా పరిచి ఆరబెట్టండి.

రెండుగొట్టాలు:

అందరికీ థాంక్స్. బావకి చెప్పాను, కాసేపు అలిగాడు. నూనె, రాగి రేకు, స్టీల్ ఊల్ పద్ధతి అచ్చం చెప్పినట్టే చేశాను. పైన తుప్పు చాలావరకు వచ్చేసింది, నల్ల రంగు మిగిలింది. ముందుకర్ర కింద మాత్రం సూది గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలున్నాయి. వేలాడదీసి తట్టాను, చక్కగా మోగింది.

అడుగున గుర్తులు: డైమండ్‌లో 12, కింద C. రెండు గొట్టాల మీదా 13/1. కిరీటం కింద BV, ఇంకో కిరీటం కింద NP. NITRO PROOF 1⅛ OZ అని కూడా ఉంది.

లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గర కొలతలు తీయించాను. ఛాంబర్ వెనక నుంచి 9 అంగుళాల దగ్గర ఎడమ గొట్టం లోపలి కొలత 0.726 అంగుళం, కుడిది 0.736. గోడ మందం అన్నిటికంటే పల్చటి చోట ఎడమ 26 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), కుడి 17 థౌ. ఆయన తల అడ్డంగా ఊపారు గానీ వివరంగా చెప్పలేదు. ఛాంబర్ పొడవు 2½ అంగుళాలట. ఒక విషయం అర్థం కాలేదు: ఆయన దగ్గరున్న 70 మిల్లీమీటర్ల ఖాళీ డమ్మీ తూటా అందులో హాయిగా దూరింది. మరి పొట్టి ఛాంబర్ ఎలా అయింది?

ఆకురాయి:

ఆయన తల ఎందుకు ఊపాడో చెప్తాను.

నీది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లో, అంటే తుపాకులు ఒత్తిడికి ఆగుతాయో లేదో చూసి ముద్ర కొట్టే చోట, పరీక్షించిన తుపాకీ. కిరీటం BV, NP గుర్తులు 1904 రూల్స్‌తో వచ్చినవి, అంటే పొగలేని మందుకి కూడా పరీక్ష నెగ్గింది. అది మంచి కబురు. 1⅛ ఔన్స్ అంటే అంతకు మించి రవ్వలు ఉన్న తూటా వాడకూడదని. డైమండ్‌లో 12, C ఛాంబర్ గుర్తు.

13/1 అన్నది గొట్టం లోపలి కొలత. 0.719 అంగుళం గేజ్ (కొలిచే కడ్డీ) లోపలికి దూరింది, దాని తర్వాతది, 0.729 గేజ్, దూరలేదు అని అర్థం. 12 బోర్ అసలు కొలత ఆ 0.729. అంటే పరీక్ష రోజున నీ గొట్టాలు 0.719కి, 0.729కి మధ్యలో ఎక్కడో ఉన్నాయి. ఎడమది ఇప్పుడు 0.726, ఇంకా ఆ హద్దులోనే ఉంది. కుడిది 0.736. తర్వాతి గేజ్ సులువుగా దూరిపోతుంది. బ్రిటిష్ లెక్కలో అలా దూరితే ఆ ప్రూఫ్ ఇక చెల్లదు.

ఇంత తేడా మామూలుగా పేల్చినందువల్ల రాదు. ఎప్పుడో ఎవరో కుడి గొట్టంలో గుంటలు చూసి, సీసం ముద్దకి రాపిడి పొడి పూసి లోపల తోమారు. కనీసం 7 థౌ వ్యాసం పెరిగింది, 17 దాకా కూడా అయ్యుండొచ్చు. గుంటల అడుగు అందేదాకా తోమితే గొట్టం అద్దంలా కనిపిస్తుంది, కొనేవాడు మోసపోతాడు. వాళ్లు తోమాక కొత్త గుంటలు పడ్డాయి, ఇప్పుడు నీకు కనిపిస్తున్న మచ్చలవే. 17 థౌ కొలిచింది గుంట పక్క ఇనుముని అయితే, గుంట అడుగున ఇంకా తక్కువ. చాలామంది గన్‌స్మిత్‌లు ముందు భాగంలో 20 థౌ కంటే తగ్గితే ఒప్పుకోరు. వెనక భాగంలో, ఒత్తిడి ఎక్కువుండే చోట, దానికంటే చాలా ఎక్కువే ఉండాలి. ఆ 17 సరిగ్గా ఎక్కడ వచ్చిందో ఆయన్ని అడుగు. ఎక్కడైనా సరే, కుడి గొట్టం పేల్చొద్దు. ఎడమదొక్కటే వాడుకుంటాననే ఆలోచన కూడా వద్దు. రెండు ట్రిగ్గర్లున్న తుపాకీలో చేతికి ఏది తగులుతుందో ఆ క్షణంలో చెప్పలేం, అరిగిపోయిన లాక్ అయితే ఒక గొట్టం అదురుకి రెండోది కూడా పేలొచ్చు.

తూటా ఎందుకు దూరిందంటావా, తూటా మీద రాసే పొడవు అది పేలి మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. పేలకముందు మూతి లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి 70 మిల్లీమీటర్లది 65 ఛాంబర్‌లో (నీ 2½ అంగుళాలదే) కూర్చుంటుంది. పేలినప్పుడు ఆ మూతి ముందున్న ఇరుకు భాగంలోకి విచ్చుకుని దారి మూస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. దూరింది కాబట్టి సరిపోతుందనుకునేవాళ్లు చాలామంది.

ఇప్పుడు నీ ముందు రెండు దారులున్నాయి. స్లీవింగ్ అని, గొట్టాల వెనక భాగం ఉంచి ముందంతా కోసేసి కొత్త గొట్టాలు బిగిస్తారు. యాక్షన్ బిగువుగా ఉంటే మంచి తుపాకీకి అది సరైన పనే. తర్వాత మళ్లీ ప్రూఫ్ పరీక్ష చేయించాలి. జాయింటు గీత కనిపిస్తుంది, కొందరికి అది నచ్చదు, నాకు అభ్యంతరం లేదు.

రెండోది పేల్చకుండా ఉంచుకోవడం. నాకు చెక్కడం, పాత రంగు మిగిలిన తుపాకీ చేతిలో ఉంటే ఇదే చేస్తాను. గొట్టాల్ని మరిగించి మిగిలిన ఎర్రని నల్లగా మార్పించు, టాంకం బాగుందన్నావుగా. ముందుకర్ర కింది గుంటల్ని సమం చేయించకు, అవి అలాగే ఉండనీ. బయటంతా మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా పట్టించు. మ్యూజియంల కోసం బ్రిటిష్ మ్యూజియం లాబ్‌లో తయారైన రకం మైనం అది, చెమట ఉప్పుని ఇనుము దాకా రానివ్వదు. లోపల పల్చగా నూనె. మూతి కిందికి పెట్టి నిలబెట్టు. గాల్లో తేమ 50 శాతం లోపు ఉండేలా సిలికా జెల్ పెట్టు, అది తడిసి రంగు మారితే ఆరబెట్టుకో. తోలు కేసుని వేరే అల్మారాలో పెట్టు.

రెండుగొట్టాలు:

17 వచ్చింది మూతి నుంచి సుమారు 10 అంగుళాల దగ్గరట, అడిగాను. స్లీవింగ్ ఇప్పట్లో చేయించను. మరిగించడానికి ఆయన ఒప్పుకున్నారు. ఒక్క సందేహం: మైనం ముందా, నూనె ముందా?

ఆకురాయి:

బయట మైనం ఒక్కటే. నూనె ఉన్న చోట మైనం పట్టదు, కాబట్టి ముందు అసిటోన్ గుడ్డతో తుడిచెయ్, కర్రకి తగలకుండా. గొట్టాన్ని చేతికి వెచ్చగా తగిలేంత వేడి చేసి పూస్తే సన్నటి గుంటల్లోకి కూడా దిగుతుంది.

కర్రపని:

కర్ర మొదలు ఫోటో పెట్టండి, సుద్ద ఎంతవరకు పీల్చిందో చూసి ఎపాక్సీ అవసరమో కాదో చెప్తాను.